గడువు లేని నకలు

మార్చి 22, 2022

వెర్నెల్ అక్కకి,

ముందే చెడ్డ కబురు చెప్పేస్తాను. ఎలాగూ నువ్వు పై నాలుగు లైన్లు వదిలేసి అసలు సంగతి ఎక్కడుందా అని వెతుకుతావు. జడ్జి గారు కుదరదన్నారు. ఐదు నెలలు ఎదురుచూసినదానికి ఒకే ఒక్క కాగితం వచ్చింది. “ముద్దాయి శిక్ష తగ్గింపుకు అర్హుడే గాని, తగ్గించడం ఈ కోర్టుకు సముచితమని తోచలేదు” అని రాసి, కింద 2011లో భోజనాల హాల్లో జరిగిన ఆ పాత కొట్లాట సంగతి ఒక ముక్క రాశారు. అంతే. నేను నేర్చుకున్న వెల్డింగు గాని, చదివిన చదువు గాని, ఆ కొట్లాట తర్వాత పదకొండేళ్ళుగా ఒక్క మచ్చ లేకుండా ఉండటం గాని ఆయన కంటికి ఆనలేదు.

నేను చేసింది తప్పు కాదని నేనెప్పుడూ అనలేదు. మత్తుమందు అమ్మాను. ఇరవై తొమ్మిదేళ్ళు వేశారు. ఇవాళ అదే పని చేసినవాడికి కొత్త చట్టం ప్రకారం పదిహేనేళ్ళు వేస్తున్నారు, నేనిక్కడికొచ్చి అప్పుడే పద్దెనిమిది. జడ్జి గారు ఊఁ అనుంటే ఈపాటికి నీ మెట్ల మీద కూర్చుని నీ చేత తిట్లు తింటూ ఉండేవాణ్ణి. ఊఁ అనకపోతే, మంచి నడవడికకి తగ్గించే రోజులు పోను, 2029.

కాగితం చేతికొచ్చాక మూడు రోజులు మంచం దిగలేదు. నా గదిలో ఉండే ముసలాయన అంబ్రోజ్ గుర్తున్నాడుగా, ఇక్కడి లైబ్రరీలో లా పుస్తకాలన్నీ నమిలి మింగినాయన. ఆయనే నా దుప్పటి లాగేశాడు. “లేవరా! కాదనడం వేరు, చూడకపోవడం వేరు. నీ పద్దెనిమిదేళ్ళు ఆయన చూశాడని ఈ కాగితంలో ఎక్కడుంది? చూపించు. పై కోర్టు అడిగేది అదే. అప్పీలుకెళ్ళు” అన్నాడు.

అందుకని అప్పీలు నోటీసు రాశాను. ఒక్క పేజీయే. ఇందులో పెట్టాను. మన జిల్లా కోర్టు గుమస్తాకి చేర్చు. గడువు పద్నాలుగు రోజులే. “మీ అక్కకెందుకు? కింద పెట్టె ఉంది కదా” అని అంబ్రోజ్ పొద్దుట్నించి సణుగుతున్నాడు. ఆయనకి సణుగుడు లేకపోతే అన్నం అరగదు. నాకు నువ్వైతేనే నమ్మకం.

నీ పోయిన ఉత్తరం అందింది. అంటే దాని జిరాక్స్ అందింది. ఇక్కడ ఉత్తరాలన్నీ అంతే, కాగితాల్లో మత్తుమందు నానబెట్టి పంపిస్తున్నారని అసలువి ముక్కలు చేసేస్తారు. నువ్వు పెట్టిన పీకాన్ చెట్టు ఆకు నాకు నల్ల మరకలా వచ్చింది. మరక కూడా బాగానే ఉంది. గోడకి అంటించుకున్నాను.

నీ తమ్ముడు,
లవాన్


మార్చి 29, 2022

ఒరేయ్ లవాన్,

యేసు నామంలో వందనాలు. నీ ఉత్తరం నిన్న సోమవారం అందింది. ఆ జడ్జి గారి మీద నాకు కలిగిన ఆలోచనలు ఉత్తరంలో రాయకూడదు, ఎవరెవరో చదువుతారు. చేపల ఫ్యాక్టరీలో నిన్న నేను కోసిన క్యాట్‌ఫిష్ ప్రతిదానికీ ఒకే మనిషి పేరు పెట్టుకున్నానని మాత్రం చెప్తాను. నా పక్కన నిలబడే డోరా, “ఇవాళ నీ కత్తికి ఏమొచ్చిందే?” అని కాగితం మీద రాసి మరీ అడిగింది. ఇప్పుడు అందరూ నాకు రాసే చూపిస్తున్నారు. రంపాల మోతకి కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది కూడా దారిలో ఉంది. అందుకే నువ్వు ఫోన్ చేయకు. పోయినసారి నువ్వు పది నిమిషాలు మాట్లాడావు, నాకేమో సీసాలో తేనెటీగ వినిపించింది. ఫోన్ పెట్టేశాక ఇల్లు ఇంకా పెద్దదైపోయినట్టుంది. మూడడుగులు వేస్తే గోడ తగిలే ట్రెయిలర్ ఇల్లు ఇది, దానికే అలా అనిపించింది.

నీ నోటీసు వంటింటి బల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశాను. ఎంత గుండ్రటి అక్షరాలురా! “నేను, లవాన్ టిస్‌డేల్” అని మొదలుపెట్టి, చివర సంతకం, దాని కింద మార్చి 22 అని తేదీ. చదువుకునే రోజుల్లో నీ రాత కోళ్ళు గీకినట్టుండేది. మన అమ్మ ఉంటే చూసి మురిసిపోయేది.

దాని గురించి నువ్వేం బెంగపడకు. పోస్టాఫీసు కన్నా గట్టి చేతుల్లో పెడుతున్నాను. ఎవరివని అడక్కు, పనయ్యాక చెప్తాను. ఈసారి నేను ఏదీ వదలను.

కిటికీ పక్కన నీ మడత మంచం వేసే ఉంచాను. దుప్పటి వారం వారం మారుస్తున్నాను. పిల్లి అది తనదేననుకుంటోంది. నువ్వొచ్చాక మీరిద్దరూ తేల్చుకోండి.

ధైర్యంగా ఉండు. కూరలు వదిలేయకుండా తిను.

నీ అక్క,
వెర్నెల్


ఏప్రిల్ 4, 2022

అక్కా,

గట్టి చేతులంటే ఎవరివో నాకు తెలిసిపోయిందిలే! నీవే. కారేసుకుని నువ్వే కోర్టుకి వెళ్ళుంటావు. ఆ చర్చి టోపీ పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, గుమస్తా ముద్ర వేసేదాకా కదలకుండా ఉండుంటావు. నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది.

నీ ఉత్తరం చదివాక అంబ్రోజ్ గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. “జడ్జి కాగితం మీద తేదీ మార్చి పదిహేడు. అక్కణ్ణించి పద్నాలుగు రోజులంటే ముప్పై ఒకటో తారీకుతో సరి. మీ అక్కకి సోమవారం అందింది కాబట్టి ఒడ్డున పడ్డావు. లేకపోతే ఒక్కరోజు దాటినా తలుపు మూసేస్తారు, లోపల ఎంత న్యాయం ఉన్నా సరే” అన్నాడు. ఆయనంతే, భయం అంతా పోయాక భయపెడతాడు.

ఇన్నాళ్ళకి రాత్రి నిద్రపట్టింది. నిద్రపట్టిందంటే చిన్న విషయం కాదక్కా. ఇక్కడ చుట్టూ వెయ్యిమంది ఉంటారు, అందరూ అరుస్తూనే ఉంటారు, అయినా నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు అంబ్రోజ్. రెండోది నువ్వు, అదీ జిరాక్స్‌లో. గార్డులకి నేనొక నంబర్ని. కిందటి నెల ఎవరో వెనకనించి “లవాన్!” అని కేకేస్తే ఎవర్నో అనుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాను.

విడుదలయితే మొదట ఏం చేస్తానో చెప్పనా? నీ కార్న్‌బ్రెడ్, ఆ మొక్కజొన్న రొట్టెలో మాడిన అంచు నేను తింటాను. మెత్తటి మధ్యభాగం నువ్వు తిను. చిన్నప్పుడు దీనికే కదా కొట్టుకునేవాళ్ళం, ఇప్పుడు కొట్లాటలు మానేశానని జడ్జి గారికి నువ్వు సాక్ష్యం చెప్పొచ్చు.

ఏ రోజు ఇచ్చావో ఒక ముక్క రాయి. కాగితాల్లో రాసి పెట్టుకోమంటున్నాడు ముసలాయన.

లవాన్


ఏప్రిల్ 9, 2022

లవాన్‌కి,

వందనాలు. అవును, నేనే వెళ్ళి ఇచ్చాను. అందిన రోజే ఇచ్చాను. సరేనా? ఇంక దాని గురించి అడక్కు.

ఇక్కడ గాలివానలు. బుధవారం సైరన్ మోగిందట. నాకు వినపడలేదు, డోరా వచ్చి తలుపు బాదితే ఆ అదురుకి పిల్లి లేచి నా మీదకి దూకింది, అప్పుడు తెలిసింది. చర్చి నేలమాళిగలో మూడు గంటలు కూర్చున్నాం. మా పాస్టరు గారి భార్య అందరికీ బిస్కెట్లు పంచింది, ఎండిపోయి అట్టముక్కల్లా ఉన్నాయి. మన వీధి చివర గ్రిగ్స్ వాళ్ళ రేకుల షెడ్డు ఎగిరిపోయి పత్తిచేలో పడింది. ఫ్యాక్టరీలో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు, గడ్డం ఉంది, మంచివాడిలాగే ఉన్నాడు. కొలార్డ్ ఆకుకూర బాగా వచ్చింది ఈ ఏడాది. అంతా నేనే తినాలి. ఒక్కదానికోసం కుండ పెట్టడం దండగనిపించి రెండు రోజులు పెట్టలేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

వెర్నెల్


ఏప్రిల్ 15, 2022
గుడ్ ఫ్రైడే

అక్కా,

నిన్న ప్రభుత్వ వకీలు దగ్గర్నించి కాగితం వచ్చింది. నా నోటీసు మీద కోర్టు ముద్ర ఏప్రిల్ 4 అని ఉందట. గడువు దాటిపోయింది కాబట్టి అప్పీలు కొట్టేయమని అడుగుతున్నారు.

చూశావా? కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? నువ్వు మార్చి 28న చేతికిస్తే వాళ్ళు వారం రోజులు ఏ సొరుగులోనో పడేసి, తీరిగ్గా నాలుగో తారీకున ముద్ర గుద్దారు. నీ ఉత్తరంలో “అందిన రోజే ఇచ్చాను” అని నల్లగా అచ్చయి ఉంది. అంబ్రోజ్‌కి చూపిస్తే నీ ఉత్తరాన్నీ, వకీలు కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత, “మీ అక్క అబద్ధాలాడే మనిషేనా?” అని అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళలో ఆయన మీద అరవడం అదే మొదటిసారి. మా అక్క దుకాణంలో చిల్లర ఎక్కువొస్తే రెండు మైళ్ళు నడిచి తిరిగిచ్చే మనిషి అని చెప్పాను.

ఇంకా ఒక దారి ఉంది. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఆ జడ్జి గారే గడువు పొడిగించొచ్చు. దానికి ఆఖరు తేదీ ఏప్రిల్ 30. ప్రమాణ పత్రం రాస్తున్నాను, “నా సోదరి మార్చి 28న స్వయంగా అందజేసింది, ఆలస్యం కోర్టు సిబ్బందిది” అని. ఇలాంటిదే నీ పేరు మీద ఇంకొకటి రాసి ఇందులో పెట్టాను. సంతకం చేసి పంపు. ప్రమాణం చేసి అబద్ధం చెప్తే కొత్త కేసు పెడతారని అంబ్రోజ్ హెచ్చరించాడు. అబద్ధం ఎక్కడుంది ఇందులో, నిజమే కదా అన్నాను.

నాది ఇరవై ఏడున కింద పెట్టెలో వేస్తాను. ఈలోగా నీది పంపించు. అక్కా, నాకు నువ్వు తప్ప సాక్షి లేరు.

లవాన్


ఏప్రిల్ 20, 2022
ఎక్స్‌ప్రెస్ పోస్టు

లవాన్,

సంతకం చేయకు. వేరే ఏదీ చదవకపోయినా ఇది చదువు. ఆ పత్రం మీద నువ్వు సంతకం చేయకు.

మార్చి 28న నేను కోర్టుకి వెళ్ళలేదు. నోటీసు ఏప్రిల్ 4 పొద్దున ఇచ్చాను. ముద్ర సరైనదే. గుమస్తా పిల్ల తప్పేమీ లేదు. తప్పు నాది, ఆ తర్వాత అబద్ధం కూడా నాదే.

ఎందుకో చెప్తాను. మన చర్చి పద్ధతి నీకు తెలుసు. ఆపరేషన్ కాగితమైనా, ఉద్యోగం కాగితమైనా, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ కింద పెట్టి, చర్చిలో పెద్ద వయసు ఆడవాళ్ళు, మన పెద్దమ్మలందరూ చేతులుంచి ప్రార్థన చేశాకే బయటికి పంపిస్తాం. 2004లో నీ కేసు కాగితాలు అలా పెట్టలేదు. పెడదామని నేను తెల్లబట్టలు కట్టుకుని సిద్ధమయ్యాను. ఆ లాయరు ఆగలేదు, “ఆదివారం దాకా ఎవరు కూర్చుంటారమ్మా” అని నా చేతిలోంచి లాక్కుని వెళ్ళిపోయాడు. నీకు ఇరవై తొమ్మిదేళ్ళు పడ్డాయి. అప్పట్నించి ఒక్క బల్ల ఆదివారం కూడా నేను రొట్టె సుఖంగా మింగలేదురా. గట్టిగా పట్టుకుని ఉంటే, లాయరుని ఆపి ఉంటే అని అదే పాట మనసులో. ఎవరికీ చెప్పలేదు, పాస్టరు గారికి కూడా.

అందుకే ఈసారి వదలనన్నాను. గట్టి చేతులంటే ఆ పెద్దమ్మలవే. నీ సంతకం కింద మార్చి 22 ఉంది, దానికి పద్నాలుగు కలిపితే ఏప్రిల్ 5 అని క్యాలెండర్‌లో గీత గీసుకున్నాను. మూడో తారీకు బల్ల ఆదివారం. నాలుగున చేతికిస్తే ఒకరోజు మిగులుతుందనుకున్నాను. జడ్జి గారి తేదీనించి లెక్కని నాకు తట్టలేదు. పెద్దమ్మల్లోకెల్లా పెద్దావిడ మదర్ పెర్లీన్‌కి తొంభై ఒకటి, చక్రాల కుర్చీలోంచి లేవదు, నీ కాగితం కోసం లేచి నిలబడింది. రెండు చేతులూ పెట్టి, “ప్రభువా, ఈ అబ్బాయిని మేం మర్చిపోలేదు, నువ్వూ మర్చిపోకు” అంది. నాకు వినపడలేదు, డోరా రాసి చూపించింది. సోమవారం పొద్దున సెలవు పెట్టి, నువ్వన్నట్టే టోపీ పెట్టుకుని వెళ్ళి ఇచ్చాను. తిరిగొస్తూ కారులో పాట పాడుకున్నాను కూడా.

నాలుగు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. ముప్పై ఒకటో తారీకు అన్న ముక్క చూసి, క్యాలెండర్ గోడమీంచి దించి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. “ఒడ్డున పడ్డావు” అని ఆయనన్న మాట నువ్వంత సంతోషంగా రాశావు, నిద్రపట్టిందన్నావు. ఎలా చెప్పను? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ పట్టించుకోరేమో, ముద్ర ఎవరు చూస్తారులే అనుకున్నాను. గుడ్ ఫ్రైడే రోజు పాస్టరు గారు, యేసు ఎవరో తెలియదని పేతురు బొంకిన భాగం చదివారు. వాక్యం కాగితం నా ముందే ఉంది. తల ఎత్తలేదు.

నిన్న నీ ఉత్తరం అందింది. నా పేరు మీద నువ్వు రాసిన పత్రం పొయ్యిలో పెట్టేశాను. నేనే ఇంకొకటి రాశాను, పైన నీకు చెప్పిందంతా, ఒక్క ముక్క దాచకుండా. ఇవాళే తీసుకెళ్ళి అదే కిటికీ దగ్గర ఇచ్చాను. ఆదివారం దాకా ఆగలేదు. ఆ గుమస్తా పిల్ల చదివి, పసుపు చీటీ మీద, “అమ్మా, ఇది మీ తమ్ముడికి మంచిదో కాదో నేను చెప్పకూడదు, మీకు తెలిసే ఇస్తున్నారా?” అని రాసింది. తెలిసే ఇస్తున్నానని రాశాను. ముద్ర గుద్దింది.

నీ ఏడేళ్ళు నేను తినేశానేమో లవాన్. క్షమించమని అడగడానికి మొహం లేదు. అంబ్రోజ్ గారికి చెప్పు, ఆయన అడిగిన ప్రశ్న సరైనదేనని. ఆయన మీద అరిచినందుకు నా తరఫున కూడా క్షమాపణ చెప్పు.

వెర్నెల్


మే 8, 2022

లవాన్,

వందనాలు. ఇవాళ మదర్స్ డే. అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి గడ్డి పీకి వచ్చాను. నీ పేరు మీద కూడా పువ్వులు పెట్టాను, ఎప్పుడూ పెట్టేవే.

నీ జవాబు రాలేదు. నా ఉత్తరం ఇరవై ఏడో తారీకులోగా అందిందో లేదో, నువ్వు సంతకం చేశావో లేదో తెలియక తిండి సహించట్లేదు. కోపంగా ఉంటే కోపంగా ఉన్నానని రాయి. తిట్టు. తిట్లు జిరాక్స్ తీయకుండానే వస్తాయిగా ఇటువైపు.

పిల్లి మూడు రోజులనించి కనిపించడం లేదు.

అక్క


మే 23, 2022

లవాన్,

పోస్టు డబ్బా దగ్గరికి రోజూ వెళ్తున్నాను. పోస్టుమాన్ మెల్విన్ నన్ను చూసి దూరంనించే తల అడ్డంగా ఊపుతాడు, పాపం నన్ను అక్కడిదాకా నడిపించడం ఎందుకని.

ఇంతకుముందు కూడా ఒంటరిగానే ఉన్నాను. చెవులు పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు. కానీ అప్పుడు వారానికో ఉత్తరం ఉండేది. ఇప్పుడు ఆదివారం నించి ఆదివారం దాకా నాతో మాట్లాడేది గోడ మీది క్యాలెండరే, దాంట్లో కూడా నేను గీసిన ఆ తప్పు గీత కనిపిస్తుంది. ఏప్రిల్ పేజీ చింపేశాను.

ఒక్క ముక్క రాయి. బతికే ఉన్నానని రాస్తే చాలు.

అక్క


మే 28, 2022

వెర్నెల్ అక్కకి,

బతికే ఉన్నాను. సంతకం చేయలేదు. నీ ఉత్తరం ఇరవై ఆరో తారీకు సాయంత్రం అందింది, ఇంకొక్క రోజు ఆలస్యమైతే చేసేసేవాణ్ణే.

నెలరోజులు రాయలేదు. మొదటి రెండు రోజులు కోపమే, దాచను. గోడకున్న నల్ల మరక పీకేశాను. తర్వాత మళ్ళీ అంటించాను. కోపం చప్పున దిగిపోయిందక్కా. మిగతా నెలంతా నేను రాయలేకపోయింది కోపంతో కాదు, సిగ్గుతో. నువ్వంత నిజం చెప్పాక నేను చెప్పాల్సినది ఒకటి మిగిలిపోయింది. అది చెప్పకుండా నీకు ఉత్తరం రాస్తే మోసం, చెప్పాలంటేనేమో చెయ్యి రాలేదు.

ఇక్కడ కింద అంతస్తులో ఒక పెట్టె ఉంది. కోర్టు ఉత్తరాల పెట్టె. జైల్లో ఉన్నవాడు తన కాగితం గడువులోగా ఆ పెట్టెలో వేస్తే చాలు, అది కోర్టుకి ఎప్పుడు చేరినా వేసిన రోజే చేరినట్టు లెక్క. చట్టమే అలా ఉంది. మార్చి 22న నాకది తెలుసు. అంబ్రోజ్ చెప్పాడు, పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఇరవై మెట్లు దిగి వేసేస్తే ఆ రోజుతో పని అయిపోయేది. పోస్టు, చర్చి, కారు, నువ్వు, ఏమీ అక్కర్లేదు.

నువ్వైతేనే నమ్మకం అని రాశాను. అది సగం నిజం. ఇక్కడికొచ్చే ప్రతిదీ నాకు నకలే. నీ అక్షరాలూ నకలే, పోయిన ఏడాది పంపిన నీ ఫోటోలో నీ మొహం మసిబొగ్గులా వచ్చింది. కానీ ఇక్కడినించి వెళ్ళేవి అసలువే వెళ్తాయి. నా ఇంటి విషయం తేల్చే కాగితం ఒకసారి మన ఇంట్లో అడుగుపెట్టి వెళ్ళాలనిపించింది. నువ్వు దాన్ని బల్ల మీద పెట్టుకుని చూస్తావని తెలుసు. నువ్వు ముట్టుకున్నది కోర్టుకి వెళ్ళాలి, పెట్టెలో పడింది కాదు అనిపించింది. పిచ్చి ఆలోచనే. యాభైకి దగ్గరపడ్డ మనిషి చేయాల్సిన పనేనా? “నీ మంకుపట్టుకి మీ అక్క బలైందిరా” అన్నాడు అంబ్రోజ్. సణుగుడు అనుకున్నాను.

కాబట్టి నువ్వు నా ఏడేళ్ళు తినలేదు. మనిద్దరం కలిసి గండం తెచ్చుకున్నాం. పైగా తేదీ ఏదో నేను సరిగ్గా రాయలేదు, “పద్నాలుగు రోజులు” అని రాసి ఊరుకున్నాను.

ఏప్రిల్ 27న నా ప్రమాణ పత్రం పెట్టెలో వేశాను. పాతది చింపేసి, పైన నీకు రాసిందే ఇంకాస్త మర్యాదగా రాశాను. పెట్టె సంగతి నాకు ముందే తెలుసని కూడా రాశాను. “ఆ ముక్క రాస్తే నిన్ను నువ్వే ఉరేసుకున్నట్టు” అని అంబ్రోజ్ కాగితం లాక్కోబోయాడు. మా అక్క రాసినప్పుడు లేని భయం నాకెందుకని ఇవ్వలేదు.

నిన్న జవాబు వచ్చింది. కాదన్న ఆ జడ్జి గారి దగ్గర్నించే. నాలుగు లైన్లు. ఇద్దరి పత్రాలూ చదివానని, ఆలస్యం క్షమించదగినదని, అప్పీలు గడువులో వచ్చినట్టే ఎంచాలని. మొదటిసారి ఆయన కాగితంలో “చదివాను” అన్న మాట చూశాను. అది చూసి నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. గార్డు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

అంబ్రోజ్ కళ్ళద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివాడు. “తప్పు నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళని జన్మంతా చూశాను, నాదంటే నాదని కోర్టుకెక్కినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా” అన్నాడు. వెంటనే, “ఇల్లు అలకగానే పండగ కాదు, తలుపు తీశారంతే, లోపల ఏమంటారో ఏడాది పట్టొచ్చు” అని కూడా అన్నాడు. నిజమే. పై కోర్టు కాదనొచ్చు. అప్పుడు 2029యే. నువ్వు దానికీ సిద్ధంగా ఉండు, నేనూ ఉంటాను.

పై కోర్టుకి అసలు వాదన రాయాలి. జూన్ నెలాఖరుకి పూర్తవుతుంది. అక్కా, ఈసారి అసలుది రాసిన రోజే మెట్లు దిగి కింద పెట్టెలో వేస్తాను. నీకు ఇంకోటి, మొత్తం మళ్ళీ చేత్తో రాసి పంపిస్తాను. దాన్ని బల్ల మీద తెల్లగుడ్డ కింద ఎన్ని ఆదివారాలు కావాలంటే అన్ని ఉంచుకో. దానికి గడువు లేదు.

పిల్లి వచ్చిందా?

నీ తమ్ముడు,
లవాన్


జూలై 5, 2022

ఒరేయ్ లవాన్,

వందనాలు. పిల్లి ఎప్పుడో వచ్చింది, చెవి చిరిగి, ఏమీ ఎరగనట్టు. నీ మంచం మీదే ఉంది.

ఇరవై రెండు పేజీలూ శుక్రవారం అందాయి. మెల్విన్ ఈసారి తల అడ్డంగా ఊపకుండా కవరు గాలిలో ఊపుకుంటూ వచ్చాడు. మొన్న బల్ల ఆదివారం. తీసుకెళ్దామని చర్చి సంచిలో పెట్టుకున్నాను. చర్చిలో మదర్ పెర్లీన్ చేతులు చాచి ఎదురుచూస్తుంటుందని తెలుసు. తీరా గుమ్మం దాటాక సంచిలోంచి తీసి మళ్ళీ ఇంట్లో పెట్టేసి వెళ్ళాను. ఆవిడకి నీ పేరు మాత్రం చెప్పాను, పేరు మీద చేసింది ప్రార్థన. ఇది నాకొచ్చిన కాగితం, మొదట నేను చదువుకోవాలి కదా.

ఇవాళ పొద్దున సెలవు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో లైను కింద బొటనవేలు పెట్టుకుంటూ అన్నీ చదివాను. అందులో కోర్టు మాటలు నాకు సగం అర్థం కాలేదు. పదిహేడో పేజీలో “విడుదలైతే ఎక్కడ నివసిస్తారు” అన్నచోట నా ఇంటి అడ్రసు రాశావు. అక్కడ నువ్వు పెన్ను గట్టిగా నొక్కావు, కాగితం వెనక్కి తిప్పితే అక్షరాలు తగులుతున్నాయి. చేపలు కోసీ కోసీ ఆ వేలికి స్పర్శ పోయి ఆరేళ్ళయింది, అయినా తగిలాయి.

సిరా కొంచెం వేలికంటింది. మధ్యాహ్నం దాటింది, ఇంకా ఆ చేత్తో గిన్నెలు కడగలేదు.

నీ అక్క,
వెర్నెల్